ఒక పటం, రెండు గోడలు: సైబరాబాదు కళాస్థలాల్లో హస్తకళ – లలితకళ విభజన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు పడమటి అంచున, హైటెక్ సిటీ పరిసరాల్లో, ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే రెండు కళాస్థలాలు ఉన్నాయి. ఒకటి శిల్పారామం. రెండవది మాదాపూర్ కావూరి హిల్స్‌లోని రాష్ట్ర చిత్రశాల, తొలినాళ్ల పేరు చిత్రమయి. మొదటిది హస్తకళలకు, రెండవది లలితకళలకు అన్న పంపకం సహజమైనదిగానే కనిపిస్తుంది. ఆ పంపకం సహజమైనది కాదనీ, తెలంగాణ పటచిత్రం వంటి కళారూపం విషయంలో అది వస్తువునే రెండుగా చీల్చుతున్నదనీ ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ చీలికలో తెలుగు పరిశోధనకు ఉన్న పాత్రను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శిల్పారామం, రాష్ట్ర చిత్రశాల, చేర్యాల, పటం కథ, నకాషీ, కులపురాణం, తోట వైకుంఠం, ప్రదర్శనశాల.

1. కాలక్రమం చెప్పే సంగతి

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. శిల్పారామం ఆలోచన 1992 నాటిది. అంటే మాదాపూర్‌లో గాజు గోడల భవనం లేవకముందే, మట్టి గోడల పల్లెను ప్రదర్శించాలన్న సంకల్పం అక్కడ ఉంది. సాధారణంగా ఈ క్రమాన్ని తలకిందులుగా ఊహించుకుంటారు: నగరం పెరిగింది, పల్లె మాయమైంది, ఆ లోటు తీర్చడానికి పల్లె నమూనాను కట్టారు అని. జరిగింది అది కాదు. చుట్టూ ఇంకా పల్లెలు ఉన్నప్పుడే పల్లె ప్రదర్శనవస్తువైంది. మాదాపూర్, ఖానామెట్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అప్పటికి ఊళ్లే. ఆ ఊళ్లలోనూ కుండలు వాడారు, ఇనుము కాల్చి సాగగొట్టారు, గడ్డి కప్పుకున్నారు. గచ్చిబౌలి అన్న పేరులో ఈనాటికీ గచ్చు కట్టిన బావి పలుకుతూనే ఉంది. ఆ పేరును రోజూ పలికే ఉద్యోగుల్లో బావి తలపుకు వచ్చేవారు ఎందరో చెప్పడం కష్టం.

ఇంకొక అడుగు వెనక్కి వెళ్తే విషయం మరింత చిక్కబడుతుంది. అదే గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో బృహత్ శిలాయుగపు నిలువురాయి, సమాధులు ఉన్నాయి. తవ్వకాల్లో మట్టిపాత్రలు, ఇనుప వస్తువులు బయటపడ్డాయి. కుమ్మరి, కమ్మరి ఈ నేలకు ‘సంప్రదాయ గ్రామీణ జీవితం’ అనే పదబంధం కంటే చాలా ముందటివారు. అయినా ఈ ప్రాంతపు కళాస్థలాల్లో ఈ ప్రాంతపు సొంత గతానికి దక్కిన చోటు తక్కువ. శిల్పారామంలో ఉన్నది ‘పల్లె’, మాదాపూర్ కాదు.

2. పంపకం ఎక్కడ మొదలైంది

తెలుగులో శిల్పం అన్న మాట మొదట రాతిబొమ్మకు పరిమితమైనది కాదు. నేర్పుతో చేసే ఏ పనికైనా అది వర్తిస్తుంది. కావ్యశిల్పం, కథాశిల్పం అన్న ప్రయోగాల్లో ఆ విస్తృతి నేటికీ నిలిచి ఉంది. శిల్పారామం అన్న పేరు పెట్టినవారు ఆ విశాలార్థాన్నే ఆశించి ఉండాలి. కానీ సంస్థల వ్యవహారంలో ఆ మాట కుంచించుకుపోయింది. స్వాతంత్ర్యానంతరం 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు, 1954లో లలితకళా అకాడమీ ఏర్పడ్డాయి. రెండేళ్ల వ్యవధిలో ఏర్పడిన ఈ రెండు సంస్థలు రెండు వేర్వేరు జాబితాలను, రెండు వేర్వేరు గౌరవాలను స్థిరపరిచాయి. ఒకదానిలో ఉపాధి, మార్కెట్టు, సంఘాలు, పరికరాలు. మరొకదానిలో సృజన, శైలి, సంతకం. తరువాత రాష్ట్రాల్లో వచ్చిన సంస్థలు చాలావరకు ఈ దారినే నడిచాయి. హైటెక్ సిటీ పరిసరాల్లో కొద్ది కిలోమీటర్ల దూరంలో నిలిచిన శిల్పారామం, రాష్ట్ర చిత్రశాల ఆ జాబితాలకు కట్టిన భవనాలు.

ఈ విభజనకు ఒక గౌరవనీయమైన సమర్థన కూడా ఉంది. ఆనంద కుమారస్వామి 1909లో భారతీయ వృత్తికళాకారుడిపై వెలువరించిన గ్రంథం మొదలుకొని, సంప్రదాయ కళలో వ్యక్తి పేరుకు ప్రాధాన్యం లేకపోవడాన్ని ఒక ఆధ్యాత్మిక సుగుణంగా చూసే ధోరణి బలపడింది. ఆ దృష్టిలో అజ్ఞాతంగా ఉండటం కళాకారుడి ఔన్నత్యం. వలసపాలన నాటి చులకనకు జవాబుగా ఆ వాదానికి చారిత్రక విలువ ఉన్నది. అయితే ప్రదర్శనశాల చేతికి వచ్చేసరికి అది సౌకర్యంగా మారింది: పేరు రాయనవసరం లేకపోవడానికి ఒక తాత్త్విక కారణం దొరికింది. పేరు తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు.

3. నిశ్చలమైన పల్లె

శిల్పారామంలోని గ్రామప్రదర్శనశాలలో మట్టిగోడల ఇళ్లు, గడ్డి కప్పులు, వాటి ముంగిళ్లలో పనిలో నిమగ్నమైన వృత్తికారుల నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి. నగరంలో పుట్టిన పిల్లలకు వృత్తులను పరిచయం చేయడంలో వాటి ఉపయోగాన్ని కాదనలేము. బొమ్మలు చేసిన శిల్పుల నేర్పు కూడా తక్కువది కాదు. శరీరపు వంపులో, చేతుల అమరికలో పని తెలిసిన కన్ను కనిపిస్తుంది. సమస్య నైపుణ్యంలో లేదు. ఆ బొమ్మలు వృత్తిని సూచిస్తాయి గాని ఏ ఒక్క వ్యక్తినీ సూచించవు. ఆ ఇళ్లు గుడిసెను సూచిస్తాయి గాని ఏ ఒక్క కుటుంబపు ఇంటినీ సూచించవు.

ఆరుబయలు ప్రదర్శనశాలలన్నీ ఇలాగే ఉండనవసరం లేదు. ఈ తరహాకు ఆద్యమైన స్టాక్‌హోమ్‌లోని స్కాన్సెన్ 1891లో మొదలైనప్పుడు, ఆర్థర్ హాజెలియస్ స్వీడన్ నలుమూలల నుంచి నిజమైన ఇళ్లనే విప్పి తెచ్చి నిలబెట్టాడు. ఢిల్లీ జాతీయ హస్తకళా ప్రదర్శనశాలలోని పల్లె సముదాయం 1972 నాటి ఆసియా వాణిజ్య ప్రదర్శన కోసం తాత్కాలికంగా కట్టినది. అలంకరణగా మొదలైన ఆ పల్లె, తరువాత జ్యోతీంద్ర జైన్ నిర్వహణ కాలంలో కళాకారులు వచ్చి ఉండి పనిచేసే చోటుగా మారింది. శిల్పారామానికి దగ్గరి బంధువు ఈ ఢిల్లీ నమూనాయే అనిపిస్తుంది.

తెలుగు పరిశోధకులకు మరింత ఇబ్బంది కలిగించవలసిన పోలిక చెన్నై సమీపంలోని దక్షిణచిత్ర. 1996లో ప్రారంభమైన ఆ స్థలంలో దక్షిణాది రాష్ట్రాల ఇళ్లను కొన్నింటిని విప్పి తెచ్చి, కొన్నింటిని అదే పద్ధతిలో తిరిగి కట్టి నిలిపారు. తెలుగు విభాగంలో నాటి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం నేతగాడి ఇల్లు, ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఉన్నాయి. హైదరాబాదుకు అంత చేరువలో ఉన్న ఒక నేతపల్లె, తన ఊరిపేరుతో సహా, తమిళనాడు తీరంలో నిలిచి ఉంది. హైదరాబాదులోని పల్లెకు ఊరిపేరు లేదు. పేరున్న ఇల్లు సందర్శకుణ్ణి ప్రశ్న అడగనిస్తుంది: ఆ ఊరు ఇప్పుడెలా ఉంది, అక్కడ మగ్గం ఆడుతున్నదా? పేరు లేని గుడిసె ముందు అడగగలిగే ప్రశ్న ఒక్కటే, ఫోటో దిగవచ్చునా అని.

నేత విషయాన్నే తీసుకుంటే నిశ్చలశిల్పపు పరిమితి మరింత స్పష్టమవుతుంది. గుంట మగ్గం ముందు కూర్చున్న బొమ్మ నేతను చూపగలదు. కాని పోచంపల్లి ప్రాంతపు చిటికి నేతలో మగ్గానికి ముందు జరిగే ఆసు పోయడం అన్న పని ఉంది. ఒక్క చీర కోసం నూలును మేకుల మీదుగా అటూ ఇటూ వేలసార్లు తిప్పే ఆ పని ఎక్కువగా స్త్రీలది. భుజాలను అరగదీసే పని. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడిన ఆ బాధను చూసి రూపొందించిన యంత్రానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రం అన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. సాంకేతికత పేరుతో ప్రసిద్ధమైన ప్రాంతంలో, చేనేత ప్రదర్శన పక్కన, ఈ కథకు మించిన వివరఫలకం ఉండబోదు. శ్రమకు ఒక పేరు, ఒక ముఖం, ఒక భుజంనొప్పి ఉన్నాయని అది చెబుతుంది. మట్టిబొమ్మ చెప్పలేనిది అదే.

4. పటం అంటే ఏమిటి

పై వాదనకు అసలైన పరీక్ష చేర్యాల చిత్రం. శిల్పారామంలోని మేళాల్లో, నగరంలోని హస్తకళా విక్రయశాలల్లో నేడు దొరికే చేర్యాల చిత్రం చట్రంలో బిగించిన చిన్న దీర్ఘచతురస్రం. ఎరుపు నేల మీద ఎద్దులబండి, కల్లు గీత, బోనం ఎత్తిన స్త్రీ, పెళ్లి ఊరేగింపు. వాటి పక్కనే గోడకు తగిలించుకునే ముఖాల బొమ్మలు. అపార్ట్‌మెంట్ గోడకు సరిపోయే కొలత, కానుకగా ఇవ్వదగిన ధర. కళాకారుల కుటుంబాలు నిలదొక్కుకోవడంలో ఈ చిన్న చట్రానికి ఉన్న పాత్రను తేలికచేసి మాట్లాడటం బాధ్యతారాహిత్యం. కాని అది పటం కాదు.

పటం పొడవాటి బట్ట. నూలుగుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూసి, ఆరబెట్టి, దాని మీద నకాషీలు బొమ్మలు రాసేవారు. అడ్డపట్టీలుగా విభజించిన ఆ బట్ట పదుల అడుగుల పొడవు ఉండేది. పట్టీకీ పట్టీకీ మధ్య పూలతీగల అంచు. ఆ బట్టను రాసిన నకాషీ వేరు, దాన్ని విప్పి కథ చెప్పే గాయకుడు వేరు, ఆ కథ ఎవరిదో ఆ కులం వేరు. పద్మశాలీలకు కూనపులివారు భావనాఋషి, మార్కండేయ కథలు చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. ఏ ఆశ్రిత బృందానికి ఏ ఊళ్లలో కథ చెప్పే హక్కు ఉన్నదో మిరాశీగా నిర్ణయమై ఉండేది. అంటే పటం ఒక వస్తువు కాదు. మూడు పక్షాల మధ్య ఒప్పందపత్రం వంటిది.

దాని చూపు కూడా ప్రత్యేకం. ప్రేక్షకుడు పటాన్ని ఒక్కసారిగా చూడడు. గాయకుడు పట్టీ తరువాత పట్టీ విప్పుతాడు, కర్రతో చూపుతాడు, పాడతాడు, వచనంలోకి దిగుతాడు. రాబోయే ఘట్టం చుట్టలోపల దాగి ఉంటుంది. చిత్రంలో ఏ బొమ్మ ఎంత పెద్దగా ఉండాలి, ఏ ముఖం ఎటు తిరగాలి అన్నది ఈ దాచడం, చూపడం మీదే ఆధారపడి ఉంటుంది. బొమ్మల కళ్లు పెద్దవిగా, చేతులు స్పష్టంగా ఉండటానికి, నేల అంతటా ఒకే ఎరుపు పరుచుకోవడానికి ‘జానపద అమాయకత్వం’ కారణం కాదు. రాత్రివేళ, దీపపు వెలుగులో, దూరంగా కూర్చున్నవారికి కనబడవలసిన చిత్రం అది. చట్రంలోకి వచ్చిన చేర్యాల చిత్రంలో ఆ కళ్లు, ఆ ఎరుపు మిగిలాయి. వాటి కారణం మిగలలేదు.

పటం జీర్ణమైతే దాన్ని మూలన పడవేయరు. అంత్యక్రియ వంటి తంతుతో నదిలో కలిపి కొత్తది రాయిస్తారు. ఈ ఆచారం ప్రదర్శనశాల అనే ఆలోచనకే ఎదురు నిలుస్తుంది. గంగలో కలవవలసిన బట్టను గాజు వెనుక భద్రపరచడం తప్పా ఒప్పా అన్న చర్చ తెలుగులో జరగవలసినంత జరగలేదు. భద్రపరచకపోయి ఉంటే పాత పటాలను గురించి ఈరోజు మాట్లాడే వీలే ఉండేది కాదన్నదీ నిజం. హిమాయత్‌నగర్‌లో 1976లో ఏర్పడిన జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా ప్రదర్శనశాల అటువంటి పటాలను సేకరించి నిలిపింది. జగదీశ్ మిత్తల్ వాటిపై 2014లో ప్రత్యేక గ్రంథమే వెలువరించారు. నగరపు ప్రదర్శనశాలలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్కటే గుర్తుకు వచ్చే చోట, ఒక దంపతుల చిన్న సేకరణ తెలంగాణ చిత్రచరిత్రకు చేసిన మేలు ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

5. ఇద్దరు వైకుంఠాలు

తెలంగాణ చిత్రకళలో వైకుంఠం అన్న పేరుతో ఇద్దరు ప్రసిద్ధులు. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాదులో, ఆపై బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద చదువుకున్న ఆధునిక చిత్రకారుడు. బి. నర్సింగరావు ‘దాసి’ చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకున్నారు. ధనాలకోట వైకుంఠం చేర్యాల నకాషీ కుటుంబానికి చెందిన జాతీయ పురస్కార గ్రహీత. మొదటి వైకుంఠం బొమ్మ గ్యాలరీలో సంతకంతో, సంవత్సరంతో, ధరతో నిలుస్తుంది. రెండవ వైకుంఠం బొమ్మను కొనుగోలుదారు ‘చేర్యాల’ అని మాత్రమే పిలుస్తాడు. ఒకరికి పేరే శైలి. మరొకరికి ఊరిపేరు శైలిని మింగేసింది.

ఇక్కడ తోట వైకుంఠాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నల్లని ఒంటిఛాయ, పెద్ద బొట్టు, పక్కకు తిరిగిన ముఖం, గట్టి రంగుల చీర కలిసిన తెలంగాణ స్త్రీరూపాన్ని ఆధునిక చిత్రకళలో ప్రతిష్ఠించడం చిన్న విషయం కాదు. ఆ రూపాన్ని అందంగా చూడటం అలవాటులేని కళ్లకు ఆయన అలవాటు చేశారు. అదే కాలంలో నిజాంపూర్ నుంచి వచ్చిన కె. లక్ష్మాగౌడ్ తన రేఖాచిత్రాల్లో పల్లెను కామం, మృగత్వం, ఆకలి నిండిన చోటుగా గీసి మరొక దారి తొక్కారు. పల్లె గురించి నిజం చెప్పడంలో ఆయన గీత ఎక్కువ దూరం పోయిందనే చెప్పాలి. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య నకాషీ పద్ధతుల నుంచి నేరుగా నేర్చుకొని, ఆ రుణాన్ని దాచకుండా, బతుకమ్మను, బోనాలను చిత్రించారు. హస్తకళ, లలితకళ అన్న గోడకు రాజయ్య వేసిన కన్నం నేటికీ పూడలేదు.

పరిశీలించవలసింది బొమ్మలోని స్త్రీని. గ్యాలరీ గోడ మీద చిత్రకారుడికి పేరుంది, ఆమెకు లేదు. ఆమె ఏ కథలోనూ లేదు, నిలబడి ఉంది. శిల్పారామంలో దంపుతున్న స్త్రీ బొమ్మకూ పేరు లేదు, చేసిన శిల్పికీ పేరు కనబడదు. పటంలోని స్త్రీకి మాత్రం పేరు ఉంది, కులం ఉంది, ముందు ఒక ఘట్టం, వెనుక ఒక ఘట్టం ఉన్నాయి. భావనాఋషి భార్య భద్రావతి ఎవరో వింటున్న పద్మశాలీలకు తెలుసు. లలితకళ, హస్తకళ అని వేరుచేసిన రెండు స్థలాలూ పల్లె స్త్రీని కథలోంచి బయటకు లాగి నిశ్చలంగా నిలబెట్టడంలో మాత్రం ఒకటయ్యాయి.

గోడ దాటించే ప్రయత్నాలు లేకపోలేదు. ఢిల్లీలో 1998లో, అంటే సైబర్ టవర్స్ ప్రారంభమైన ఏడాదే, జ్యోతీంద్ర జైన్ ఐదుగురు జానపద, ఆదివాసీ కళాకారులను వారి వారి పేర్లతో, ఆధునిక చిత్రకారులకు దక్కే గౌరవంతో ప్రదర్శించారు. జన్‌గఢ్ సింగ్ శ్యామ్, గంగాదేవి, జివ్యా సోమా మాషే, సోనాబాయి, నీలమణీదేవి. ఆ ఐదుగురిలో తెలుగువారు లేరు. ఎంపిక చేసినవారిని అడగవలసిన ప్రశ్న కాదిది. అంతకు ముందు తెలుగులో ఎవరు ఏ నకాషీ మీద ఒక్కరి పేరుతో పుస్తకం రాశారని అడగాలి.

6. సగం తెచ్చుకున్న పరిశోధన

తెలుగు శాఖల్లో కులపురాణాల మీద, ఆశ్రిత గాయకుల మీద సిద్ధాంతగ్రంథాలకు కొదవ లేదు. వాటిలో కథ ఉంటుంది, పాఠాంతరాలు ఉంటాయి, గాయకుడి వయసు, ఊరు, గురుపరంపర ఉంటాయి. పటం గురించి సాధారణంగా ఒక పేరా. ఆ పటాన్ని రాసిందెవరు, ఏ ఏట రాయించారు, ఎన్ని పట్టీలు, గాయకుడు చెప్పే క్రమానికీ పట్టీల క్రమానికీ తేడా ఎక్కడ వస్తుంది అన్నవి చాలాసార్లు నమోదు కావు. కళాచరిత్రకారులు చేసేది దీనికి సరిగ్గా తిరగవేత: రంగులు, అంచులు, శతాబ్ది నిర్ణయం ఉంటాయి, పాట ఉండదు. ప్రదర్శనశాలలు పటాన్ని చీల్చాయని నిందించే ముందు, విశ్వవిద్యాలయాలు దాన్ని అప్పటికే చీల్చి పెట్టాయని ఒప్పుకోవాలి. తెలుగు శాఖ పాట తీసుకుంది, చిత్రకళాశాఖ బట్ట తీసుకుంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు దశాబ్దాల శ్రమతో సేకరించి ‘ఆద్యకళ’ పేరిట చూపిన జానపద, ఆదివాసీ కళావస్తువుల వంటివి ఈ అలవాటుకు మినహాయింపులు. మినహాయింపు ఒక వ్యక్తి పట్టుదలగా మిగిలిపోవడం, పాఠ్యప్రణాళికగా మారకపోవడం విచారకరం.

రాష్ట్ర చిత్రశాల ప్రధానంగా మారుతూ ఉండే ప్రదర్శనలతో నడిచే స్థలం. 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌కు అదే ముఖ్య వేదిక. బయటి దేశాల ఛాయాచిత్రకారుల పనిని ఉచితంగా, తీరిగ్గా చూసే వీలు నగరానికి అలా కలిగింది. ఒక్కొక్క ఛాయాచిత్రం పక్కన తీసినవారి పేరు, చోటు, సంవత్సరం, కొన్నిసార్లు చిత్రంలోని వ్యక్తి కథ కూడా ఉండటం ఆ రంగంలో మర్యాదగా స్థిరపడింది. ఆ మర్యాదను అదే మాదాపూర్‌లో చేర్యాల బొమ్మకు వర్తింపజేయడానికి కొత్త భవనం అక్కరలేదు. రాసినవారి పేరు, పూత పూసినవారి పేరు (ఇంట్లో స్త్రీలే ఆ పని చేస్తే ఆ స్త్రీల పేర్లు), ఏ కథలోని ఏ ఘట్టం, ఆ కథ చెప్పే బృందం, ఆ కథ వినే కులం. ఐదు వాక్యాలకు మించదు. అందులో మొదటి రెండింటిని కళాకారులే చెప్పగలరు. తరువాతి మూడింటిని చెప్పగలిగేది తెలుగు పరిశోధకుడు. శిల్పారామానికో చిత్రశాలకో ఆ ఐదు వాక్యాలు రాసి ఇవ్వడం పరిశోధనగా లెక్కకు వస్తుందా అన్నది శాఖలు తేల్చుకోవలసిన సంగతి.

పటాన్ని పూర్తిగా చూపడంలో చిక్కు ఉంది. పదుల అడుగుల బట్టను చిత్రశాల గోడమీద అడ్డంగానో నిలువుగానో పరిస్తే, గాయకుడు దాచి ఉంచే ఘట్టాలన్నీ ఒక్క చూపులో బయటపడతాయి. అది చదవకముందే చివరి పుట చెప్పినట్టు. చుట్టగా ఉంచితే ఏమీ కనబడదు. దానికి కావలసింది గోడ కాదు, ఒక సాయంత్రం. శిల్పారామంలో ఆరుబయలు రంగస్థలం ఉంది. అక్కడ శాస్త్రీయ నృత్యాలు జరుగుతాయి, జనం వస్తారు, కూర్చుంటారు. చేర్యాల చిత్రాలు అమ్మే మేళా దుకాణాలు ఉండేదీ ఆ ఆవరణలోనే. కూనపులి గాయకులను పిలిపించి, వారితోపాటు ఆ పటం రాసిన నకాషీని కూడా వేదిక మీద కూర్చోబెట్టి, భావనాఋషి కథను మొదటి పట్టీ నుంచి విప్పించవచ్చు. పూర్తి కథకు ఒక్క రాత్రి చాలదని గాయకులు అంటే, మరుసటి రాత్రికి కూడా రంగస్థలాన్ని వారికే కేటాయించవలసి ఉంటుంది.